ముల్లు బరువెంత? పాత జ్యూక్‌బాక్సుల విశేషాలు

1906లో షికాగోలో జాన్ గేబెల్ అనే ఆయన ఒక పాటల పెట్టె తయారుచేశాడు. హంగేరీ నుంచి వలస వచ్చినవాడు. నాణెం వేసి పిడి తిప్పితే 24 రికార్డుల్లోంచి మనం కోరింది పాడేది. దానికి ఆటోమేటిక్ ఎంటర్‌టైనర్ అని పేరు పెట్టాడు. పాట ఎంచుకునే ఆ సదుపాయం గురించి అందరూ రాస్తారు. నన్నడిగితే దాని అసలు గొప్పతనం వేరే చోట ఉంది. ఆ యంత్రం పాట పాటకీ తన ముల్లు తానే మార్చుకునేది. మనిషి చెయ్యి తగలకుండా పాత ముల్లు తీసేసి కొత్తది పెట్టుకునేది. రికార్డు పాడవకుండా చూడాలన్న ఆలోచన జ్యూక్‌బాక్సుకు బాల్యంలోనే అబ్బిందన్నమాట. ఆ తర్వాత చాలా ఏళ్లు తయారీదారులు దాన్ని పక్కన పెట్టారు. పాత పెట్టెలను బాగుచేసేవాళ్లు ఇవాళ మళ్లీ దాన్నే పట్టుకున్నారు.

ప్రతి పాటకూ ముల్లు ఎందుకు మార్చాలి? నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి 78 రికార్డులో మూడో వంతు దాకా లక్క ఉండేది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పలకరాయి, సున్నపురాయి లాంటి వాటి మెత్తటి పొడి. నలుపు కోసం కాస్త మసి. ఆ రాతిపొడిని కావాలనే కలిపేవారు. ఉక్కు ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే సానబట్టి, గాడిలో సరిగ్గా కూర్చునేలా అరగదీసేది అదే. అరిగే వంతు ముల్లుది, నిలిచే వంతు రికార్డుది. అయితే పాట పూర్తయ్యేసరికి ఆ మొన ఉలిలా పదును తేలుతుంది. అదే ముల్లుతో ఇంకో రికార్డు వేస్తే గాడి గోడలను చెక్కేస్తుంది.

ఆ లక్క మన దేశం సరుకేనని చాలామందికి తెలియదు. ప్రపంచమంతా రికార్డులకు వాడిన లక్కలో అధిక భాగం భారతదేశం నుంచి ఓడల్లో వెళ్లిందే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు వదిలే జిగురు అది. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నునుపూ మెరుపూ తెచ్చేది అదే, హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ అదే. పాండవుల లక్క ఇల్లు కథ విన్నవాళ్లకు లక్క, వేడి పొసగవని వేరే చెప్పక్కర్లేదు. 78 రికార్డును ఎండలోనో, వేడెక్కిన యాంప్లిఫయర్ వాల్వుల దగ్గరో వదిలేస్తే వంకర తిరిగిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఓడల రాకపోకలు చిక్కుల్లో పడ్డాయి. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. ఆ ఏడాదే జ్యూక్‌బాక్సుల తయారీనీ ఆపించింది. షికాగోలోని రాక్-ఓలా కంపెనీ యుద్ధకాలంలో పాటల పెట్టెలు మాని సైన్యానికి 2 లక్షలకు పైగా ఎం1 కార్బైన్ తుపాకులు చేసి ఇచ్చింది. ఉన్న రికార్డులనే తిప్పి తిప్పి వేసుకోవాల్సిన కాలం అది. ఆ రోజుల్లో హోటళ్లలో పాడిన 78 రికార్డులు ఇప్పుడు దొరికితే, వాటిలో చాలావాటి గాడులు బూడిద రంగులోకి మారిపోయి ఉంటాయి. పాటకంటే గరగరే ఎక్కువగా వినిపిస్తుంది.

తప్పంతా యుద్ధానిది కాదు. 1930లలో జ్యూక్‌బాక్సులను ఊరూరా పెట్టి నడిపించే వ్యాపారులకు పాటకో ముల్లు మార్చడం కుదరని పని. అందుకే ఆస్మియం లాంటి గట్టి లోహం కలిపిన మొనలతో, వేల పాటలు పాడగల ముళ్లు వచ్చాయి. ముల్లు అరగడం తగ్గింది. దాని వంతు అరుగుదల రికార్డు నెత్తిన పడింది. వ్యాపారికి అందులో నష్టం కనిపించలేదు, ఎందుకంటే కొత్త పాటలు రాగానే పాత రికార్డులు తీసేసి చవగ్గా అమ్మేసేవాడు. ఏ పాట ఎన్నిసార్లు పాడిందో లెక్క చూపే మీటరు కూడా పెట్టెలోపలే ఉండేది. జనం అడగనిది బయటికి, అడిగేది లోపలికి.

బరువు లెక్క

జ్యూక్‌బాక్సు బాగుచేసేవాళ్లు మొట్టమొదట కొనాల్సిన వస్తువు ఒకటుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు. ముల్లును దాని మీద వాల్చితే రికార్డు మీద ఎంత బరువు పడుతోందో తెలుస్తుంది. తొలినాటి ఉక్కు ముల్లు తలల బరువు 100 గ్రాములు దాటేది. తర్వాత వచ్చిన క్రిస్టల్ తలలు అందులో సగానికి, పావుకి దిగాయి. నిమిషానికి 45 చుట్లు తిరిగే 45 రికార్డుల కాలం వచ్చేసరికి అది పది గ్రాముల లోపుకు చేరింది. ఇప్పుడు జ్యూక్‌బాక్సులకు అమర్చే మంచి తలలు, అంటే కార్ట్రిడ్జ్‌లు 2 నుంచి 5 గ్రాములతో పనిచేస్తాయి.

మూడు గ్రాములంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఆ బరువంతా పడేది ముల్లు మొన గాడి గోడలను తాకే రెండు చుక్కల మీదే. ఒక్కో చుక్క వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఆ చోట ఒత్తిడి లెక్కగడితే చదరపు సెంటీమీటరుకు టన్నుల్లో తేలుతుంది. 45 రికార్డులకు లక్క బదులు వాడిన వినైల్ ప్లాస్టిక్ కాస్త సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే పదార్థం కాబట్టి తట్టుకుంటోంది. బరువు రెట్టింపయినా, మొన అరిగి అంచులు తేలినా ఇక తట్టుకోలేదు.

ఇంకో లెక్క చూడండి. మూడు నిమిషాల 45 రికార్డు 135 చుట్లు తిరుగుతుంది. గాడిని విప్పి పొడుగ్గా పరిస్తే సుమారు 60 మీటర్లు. అంటే రెండున్నర వేల పాటలు పాడేసరికి ముల్లు దాదాపు హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా గాడిలోనే నడిచినట్టు. నీలమణి మొన అంత దూరం వెళ్లలేదు. దాని ఆయుష్షు కొన్ని పదుల గంటలే. వజ్రపు మొన వందల గంటలు నిలుస్తుంది. ధరలో తేడా ఉన్నా, మళ్లీ దొరకని రికార్డులున్న పెట్టెలో నీలమణి మొన పెట్టడం నాకు సమ్మతం కాదు.

మొన సైజు కూడా చూసుకోవాలి. 78 గాడికి అంగుళంలో వెయ్యింట మూడు వంతుల గుండ్రటి మొన కావాలి. 45 గాడికి వెయ్యింట ఒక వంతు, లేదా అంతకన్నా సన్నం. పెద్ద మొనను 45 మీద పెడితే గాడిలోకి దిగకుండా అంచుల మీద ఊరేగుతుంది. చిన్న మొనను 78 మీద పెడితే గాడి అడుగున ఉన్న దుమ్మునంతా దున్నుకుంటూ పోతుంది.

కరిగిపోయే ఉప్పు

పాత పెట్టె ఒకటి దొరికింది, దీపాలు వెలుగుతున్నాయి, మోటారు తిరుగుతోంది, పాట మాత్రం గుసగుసలా వస్తోంది. చాలాసార్లు అనుమానం ముందు క్రిస్టల్ మీదికే వెళ్లాలి. ఆ తలల్లో ఉండేది రోషెల్ సాల్ట్ అనే ఒక రకం ఉప్పు స్ఫటికం. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులోని లా రోషెల్ పట్నంలో సేన్యెట్ అనే మందుల వ్యాపారి దాన్ని విరేచనకారి మందుగా తయారుచేశాడు. వంచితే, నొక్కితే దానిలో విద్యుత్తు పుడుతుందని తర్వాత తేలింది. ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చడానికి అది చక్కగా సరిపోయింది. అయితే ఉప్పు ఉప్పే. గాలిలో తేమ పీల్చుకుని నీరు కారుతుంది, బాగా ఎండిన చోట పొడి రాలుతుంది, 55 డిగ్రీల వేడి దాటితే చచ్చిపోతుంది. 1940ల నాటి అసలు క్రిస్టల్ ఇప్పటికీ పూర్తి శక్తితో పనిచేయడం అరుదు. మన కోస్తా ఉక్కలో దాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందువల్ల కార్ట్రిడ్జ్ మార్చక తప్పదు. మార్చేటప్పుడు ఎదురయ్యే మొదటి చిక్కు శబ్దం. క్రిస్టల్ ఒకటి రెండు వోల్టులు ఇస్తుంది. 1946లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన అయస్కాంత కార్ట్రిడ్జ్ గానీ, తర్వాత వచ్చిన వాటి వంశం గానీ ఇచ్చేది వోల్టులో వందో వంతు, అంతకన్నా తక్కువ. నేరుగా తగిలిస్తే పాట వినిపించదు. మధ్యలో చిన్న ప్రీఆంప్లిఫయర్ పెట్టాలి. అది శబ్దాన్ని పెంచడమే కాదు, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని తిరిగి పెంచి, పెంచిన తారాన్ని తగ్గిస్తుంది. ఈ హెచ్చుతగ్గులు అందరికీ ఒకే తీరుగా ఉండాలని 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక ప్రమాణం పెట్టింది. వైరు మీద సరైన లోహపు తొడుగు లేకపోతే పాట వెనకాల తుమ్మెద రొద మొదలవుతుంది. ఈ పనిలో సగం ఓపిక ఆ రొదను వదిలించడానికే ఖర్చవుతుంది.

వర్లిట్జర్ కంపెనీ 1940ల చివర్లో కోబ్రా అనే మరో దారి పట్టింది. జెనిత్ రేడియో కంపెనీ తయారుచేసిన ఆ తలలో క్రిస్టలూ లేదు, అయస్కాంతమూ లేదు. ముల్లుకు అంటుకున్న పలుచటి లోహపు రేకు చిన్న తీగచుట్ట ముందు ఊగేది. ఆ చుట్టలో రేడియో తరంగాల పౌనఃపున్యంతో ప్రవహించే విద్యుత్తు ఆ ఊపుకు అనుగుణంగా హెచ్చుతగ్గులయ్యేది. తెలివైన ఉపాయమే. కానీ ఇప్పుడు దాన్ని సరిగా నడపడం చాలా కష్టం. అందుకే కోబ్రా పెట్టెల యజమానుల్లో చాలామంది మామూలు అయస్కాంత కార్ట్రిడ్జ్‌కు మారిపోయారు. తీసిన కోబ్రాను పారేయకుండా డబ్బాలో దాచి పెట్టెతోపాటే ఉంచడం మంచి పద్ధతి. తలను మోసే చెయ్యికి, అంటే టోన్‌ఆర్మ్‌కు కొత్త రంధ్రాలు పెట్టకుండా, ఎప్పుడైనా వెనక్కి మార్చగలిగేలా చేసిన మార్పే నా దృష్టిలో నికార్సయిన మరమ్మతు.

రెండు గోడల పాట

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విశేషం. మోనో రికార్డులో ముల్లు అడ్డంగా, కుడి ఎడమలకు మాత్రమే కదులుతుంది. 1958లో మార్కెట్లోకి వచ్చిన స్టీరియో రికార్డులో గాడి రెండు గోడల మీదా వేరువేరు శబ్దాలుంటాయి. అందుకే ముల్లు పైకీ కిందికీ కూడా కదలాలి. ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్లీన్ 1931లోనే ఈ పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. పాత మోనో తలలు చాలావాటికి పైకీ కిందికీ కదిలే గుణం దాదాపు లేదు. అలాంటి పెట్టెలో 1960ల నాటి స్టీరియో 45 వేస్తే పాట బాగానే వినిపిస్తుంది. కానీ ముల్లు లొంగని చోటల్లా గాడి లొంగాల్సి వస్తుంది. ప్రతిసారీ కొంత పాట చెక్కుకుపోతుంది. చెవికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

దీనికి విరుగుడు సులువు. పెట్టె మోనోదైనా స్టీరియో కార్ట్రిడ్జ్ పెట్టి, దాని కుడి ఎడమ తీగలు రెంటినీ కలిపేయాలి. ముల్లు రెండు దిక్కులా కదులుతుంది, శబ్దం ఒక్కటిగా వస్తుంది. పైగా రెంటినీ కలిపినప్పుడు మోటారు గురగుర, దుమ్ము చిటపటల్లో పైకీ కిందికీ ఊగే భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాత మోనో రికార్డులు కూడా ఇలా వింటే మునుపటికన్నా తేటగా ఉంటాయి.

అలాగని అన్నిటికన్నా ఖరీదైన, అన్నిటికన్నా సుతిమెత్తనైన కార్ట్రిడ్జ్ తెచ్చి పెడితే దెబ్బతింటాం. జ్యూక్‌బాక్సు టోన్‌ఆర్మ్ బరువైన లోహపు చెయ్యి. దాన్ని దింపేదీ లేపేదీ యంత్రమే. అంత బరువైన చేతికి మరీ మెత్తటి ముల్లు తగిలిస్తే చిన్న వంకర ఉన్న రికార్డు మీద కూడా గెంతుతుంది. పాట అయిపోయిందని యంత్రానికి తెలియాలంటే, చివరి గాడిలో ముల్లు లోపలికి జరుగుతూ ఒక మీటను తోయాలి. బరువు మరీ తగ్గిస్తే తోయలేక గాడిలోంచి బయటపడుతుంది, పాట ముగిసినా పెట్టెకు తెలియదు. షూర్ కంపెనీ ఎం44 లాంటి మొరటు రకానికి ఈ పనిలో అంత పేరు అందుకే వచ్చింది. రికార్డులను చేత్తో ముందుకూ వెనక్కూ లాగే డీజేలు కూడా దాన్నే నమ్ముకున్నారు.

వినైల్‌లా కనిపించే 45లన్నీ వినైల్ కావని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో కొన్ని ఫ్యాక్టరీలు పాలిస్టైరీన్‌ను అచ్చుల్లోకి ఎక్కించి 45లు చేసేవి. అచ్చు త్వరగా అరగదు కాబట్టి గిట్టుబాటు ఎక్కువ. కానీ స్టైరీన్ గట్టిది, సాగదు. అరిగిన మొనతో కొన్నిసార్లు వేస్తే చాలు, గరగర మొదలవుతుంది. గోటితో అంచు మీద తట్టి చూస్తే స్టైరీన్ కాస్త పలుచగా, కిటకిటమని మోగుతుంది. పెట్టెలో ఎక్కించేముందు ఈ పరీక్ష చేసుకోవడం మేలు.

నిలబడి పాడే రికార్డు

1948 చివర్లో సీబర్గ్ కంపెనీ ఎం100ఏ అనే పెట్టె తెచ్చింది. అందులో 50 రికార్డులు అలమరలో పుస్తకాల్లా నిలబడి ఉండేవి. రెండు వైపులా పాడించి 100 పాటలు ఇచ్చేది. అంతకుముందు చాలా పెట్టెలు ఇరవై పాతిక పాటలతో సరిపెట్టుకునేవి. 1946 నాటి ప్రసిద్ధ వర్లిట్జర్ 1015 కూడా 24 రికార్డుల పైముఖాన్నే పాడించేది. సీబర్గ్‌లో ఒక బండి రికార్డుల వరుస పక్కన పరుగెత్తి, కావలసినదాన్ని లాగి, నిలువుగానే పట్టుకుని తిప్పుతుంది. తలకు రెండు ముళ్లుంటాయి, ఒక్కో ముఖానికి ఒకటి. ఒక ముఖానికి రికార్డు ఒక దిశలో తిరిగితే, రెండో ముఖానికి ఎదురు దిశలో తిరగాలి. ఇక్కడ ముల్లును రికార్డుకు ఆనించేది భూమ్యాకర్షణ కాదు, స్ప్రింగు. కాబట్టి త్రాసును కూడా పక్కకు తిప్పి పట్టుకుని కొలవాలి. ఏళ్ల తరబడి బిగుసుకున్న స్ప్రింగును నమ్మి వదిలేయడం ప్రమాదం.

1950లో వచ్చిన ఎం100బీ 45 రికార్డులు వేసిన మొదటి జ్యూక్‌బాక్సు. 45లను ఆర్‌సీఏ విక్టర్ 1949 మార్చిలో విడుదల చేసింది. మొదట్లో ఒక్కో రకం సంగీతానికి ఒక్కో రంగు రికార్డు ఉండేది. 1955 నాటి సీబర్గ్ వీ200 పెట్టె 200 పాటల్లో ఎవరు ఏవి కోరారో చిన్న అయస్కాంత ఉంగరాల్లో గుర్తుపెట్టుకునేది. కంప్యూటర్లలో ఫెర్రైట్ ఉంగరాల జ్ఞాపకశక్తి అప్పుడప్పుడే అడుగుపెడుతోంది. పాటల పెట్టె అప్పటికే దాన్ని అందుకుంది.

వర్లిట్జర్ 1015 సంగతికి వస్తే, 56 వేలకు పైగా అమ్ముడైంది. రంగులు మారే స్తంభాలు, బుడగలు పైకెగసే గాజు గొట్టాలు దాని ఆకర్షణ. ఆ గొట్టాల్లో తక్కువ వేడికే మరిగే ద్రవం పోసి, అడుగున చిన్న హీటరు పెట్టారు. పగిలిన గొట్టం దగ్గర ఆ ఆవిరి పీల్చకూడదు. దీపాలు, క్రోమియం మెరుగు ముందు చేయించుకోవాలనే తొందర అర్థమయ్యేదే. కానీ ఎండిపోయిన పాత కెపాసిటర్లు, రాయిలా గట్టిపడిన గ్రీజు, గుంటపడిన రబ్బరు చక్రం, అరిగిన ముల్లు, వీటి తర్వాతే అవి. రబ్బరు గుంట పడితే ప్రతి చుట్టుకూ ఒక దడ వినిపిస్తుంది, దాన్ని ఏ కార్ట్రిడ్జ్ ఆపలేదు.

చట్టం గురించి ఒక్క మాట. అమెరికాలో 1909 కాపీరైట్ చట్టం నాణెం వేస్తే పాడే యంత్రాలకు మినహాయింపు ఇచ్చింది. దాంతో జ్యూక్‌బాక్సులో ఎన్ని లక్షల సార్లు పాడినా పాట రాసినవారికి పైసా రాలేదు. 1978లో కొత్త చట్టం అమలుకొచ్చాకే పెట్టెకు ఏడాదికి 8 డాలర్ల రుసుము మొదలైంది.

మన ఇంటికి వస్తే

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఎవరైనా ఇలాంటి పెట్టె ఒకటి సొంతూరికి తేవాలనుకుంటే, ముందు తెలుసుకోవలసింది కరెంటు గురించి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ దించుతుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. పాత మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది కాబట్టి 45 రికార్డు ఇక్కడ నిమిషానికి 37.5 చుట్లే తిరుగుతుంది. పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ఘంటసాల గొంతు అయినా గుర్తుపట్టలేం. మోటారు ఇరుసుకు ఐదో వంతు లావు పెంచే తొడుగు వేయాలి, లేదా హెర్ట్జ్ మార్చే పరికరం కొనాలి.

రెండో సంగతి రికార్డు మధ్య రంధ్రం. అమెరికా 45లకు ఒకటిన్నర అంగుళాల పెద్ద రంధ్రం, జ్యూక్‌బాక్సు దాన్నే పట్టుకుంటుంది. మన తెలుగు సినిమా పాటల ఈపీ రికార్డుల్లో చిన్న రంధ్రంతో ఉన్నవాటిని ఆ పెట్టెలో వేయాలంటే మధ్యలో కోసి పెద్దది చేయాలి. దానికి ప్రత్యేకమైన పరికరాలు దొరుకుతాయి. కేంద్రం వెంట్రుక వాసి తప్పినా పాట ఊగిసలాడుతుంది. ఆ ఈపీలు మళ్లీ అచ్చయ్యేవి కావు. వాటిని కోయవద్దని గట్టిగా చెబుతాను. మామూలు రికార్డు ప్లేయర్ మీద వినండి, జ్యూక్‌బాక్సులో దాని కోసం పుట్టిన రికార్డులే వేయండి.

విడిభాగాల గురించి బెంగ అవసరం లేదు. షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానేసింది. అయితే వాటికి సరిపోయే ముళ్లను జపాన్‌లోని జికో కంపెనీ ఇంకా చేస్తోంది. ఆ కంపెనీ 1873లో మొదలైంది, బట్టలు కుట్టే సూదులతో.